ఆక్స్‌ఫర్డ్ వీధులలో ప్రాచీన గానం

ఆక్స్‌ఫర్డ్ నగరం నడిబొడ్డున, సెయింట్ గైల్స్ వీధి దక్షిణపు కొసన, ఎత్తైన రాతి స్మారకచిహ్నం ఒకటి ఉన్నది. 1555, 1556 సంవత్సరాలలో ఈ నగరంలోనే సజీవదహనానికి గురైన ముగ్గురు ప్రొటెస్టంటు మతాచార్యుల స్మృత్యర్థం 19వ శతాబ్దిలో దీనిని నిర్మించారు. యాత్రికులు దాని మెట్లపై కాసేపు కూర్చుని, ఫోటోలు తీసుకుని ముందుకు సాగిపోతారు. దానికి ఆనుకుని ఉన్న సెయింట్ మేరీ మాగ్డలెన్ చర్చిని పట్టించుకునేవారు తక్కువ. మేమిద్దరం మాత్రం ఆ చర్చి కోసమే అక్కడ ఆగాము.

దహనమైన ముగ్గురిలో ఒకరు ఆర్చిబిషప్ క్రాన్మర్. ఆయన 1544లో ఎనిమిదవ హెన్రీ రాజుకు రాసిన లేఖలో, ప్రార్థనాగీతాలను స్వరాలతో నింపివేయరాదనీ, వీలైనంతవరకు అక్షరానికొక స్వరం చొప్పున ఉంటే చాలుననీ అభిప్రాయపడ్డారు. పదాలు స్పష్టంగా వినబడాలన్నది ఆయన ఉద్దేశం. ఆయన స్మారకానికి నాలుగడుగుల దూరంలో ఉన్న ఈ చర్చిలోనే 1973 నవంబరు 3వ తేదీన, పీటర్ ఫిలిప్స్ అనే విద్యార్థి కొందరు మిత్రగాయకులను కూర్చుకుని, ఒక్క అక్షరం మీద స్వరాలు తీగలుగా సాగే ఆ పాత గానాన్నే వినిపించాడు. ఆ బృందమే తరువాత ‘టాలిస్ స్కాలర్స్’ అన్న పేరుతో లోకప్రసిద్ధమైనది. ఈ సంగతి తలచుకుంటే మాకు నవ్వూ వచ్చింది, విస్మయమూ కలిగింది.

మన సంగీతానికి అలవాటుపడిన చెవికి ఈ గానం మొదట అయోమయంగానే తోస్తుంది. మన కచేరీలో రాగధార ఒక్కటే. వయొలిన్ దానిని అనుసరిస్తుంది, మృదంగం నడిపిస్తుంది. ఇక్కడ నాలుగో, అయిదో, ఆరో గాత్రాలు ఉంటాయి. ప్రతి గాత్రానికీ తనదైన వరుస ఉన్నది. ఒకరు ఎత్తుకున్న పలుకు ముగియకమునుపే మరొకరు దానిని వేరొక స్థాయిలో అందుకుంటారు, ఆ వెనుక మూడవవారు. ఎవరూ ప్రధాన గాయకులు కారు, ఎవరూ వంతపాటగాళ్లూ కారు. వాద్యాలు లేవు. థామస్ టాలిస్ 1570 ప్రాంతంలో రచించిన ‘స్పెమ్ ఇన్ ఆలియమ్’లో నలభై గాత్రాలకు నలభై వేర్వేరు వరుసలున్నాయి.

ఈ టాలిస్ జీవితం మన పాఠకులకు ఆసక్తి కలిగించేదే. ఆయన వాల్తమ్ అనే మఠంలో ఉద్యోగి. హెన్రీ రాజు దేశంలోని మఠాలన్నింటినీ రద్దు చేసినప్పుడు 1540లో ఆ మఠమూ మూతపడింది. టాలిస్ చేతికి జీతం కింద ఇరవై షిల్లింగులు, పారితోషికంగా మరో ఇరవై షిల్లింగులు ఇచ్చి పంపివేశారు. స్వచ్ఛంద విరమణ పథకాల లెక్కలు చూసిన మనకు ఆ పద్దు కొత్తగా అనిపించదు! తరువాత ఆయన రాజాస్థానంలో కుదురుకుని, నలుగురు పాలకుల హయాంలో పనిచేసి 1585లో కన్నుమూశాడు. రాజు మారినప్పుడల్లా మతం మారింది, మతం మారినప్పుడల్లా పాటల భాషా శైలీ మారాయి. ఈ తాకిడికి చర్చిలలోని లాటిన్ సంగీత గ్రంథాలు ఎన్నో నశించాయి.

మిగిలినవాటిలో కొన్ని ఈ నగరంలోనే ఉన్నాయి. చర్చి నుండి కార్న్‌మార్కెట్ మీదుగా దక్షిణంగా నడిస్తే పావుగంటలోపే క్రైస్ట్ చర్చ్ కళాశాల వస్తుంది. దాని గ్రంథాలయంలో రాబర్ట్ డౌ, జాన్ బాల్డ్విన్ అనే ఇద్దరు 16వ శతాబ్ది చివరి పాదంలో స్వహస్తాలతో రాసుకున్న సంగీత పుస్తకాలు భద్రంగా ఉన్నాయి. మేము వాటి ఛాయాచిత్రాలను మాత్రమే చూడగలిగాము. నల్లని సిరాలో వజ్రాకారపు స్వరచిహ్నాలు ముత్యాల కోవలా సాగుతాయి.

ఆ రోజులలో గాయకులకు గాత్రానికొక పుస్తకం ఉండేది. టెనర్ పాడేవాని పుస్తకంలో టెనర్ వరుస తప్ప మరేదీ కనిపించదు. తాళవిభాగపు గీతలు లేవు. తన వంతు వచ్చేదాకా లెక్కపెట్టుకుంటూ, తోటివారిని చెవులారా వింటూ పాడవలసిందే. కాబట్టి అయిదు పుస్తకాలలో ఒకటి పోయినా పాట సంపూర్ణంగా నిలువదు. డౌ పుస్తకాలు అయిదూ దక్కాయి. బాల్డ్విన్ పుస్తకాలలో టెనర్ పుస్తకం ఎప్పుడో మాయమైపోయింది. అందులోని కొన్ని పాటల టెనర్ వరుస ఇతర ప్రతులలో దొరికింది. మరెక్కడా లేని పాటలకు మాత్రం పండితులు దానిని ఊహించి పూరించవలసి వచ్చింది. మిగిలిన గాత్రాలు ఏ పలుకును ఎక్కడ అందుకుంటున్నాయి, ఎక్కడ ఖాళీ వదులుతున్నాయి, ఏ స్వరం కలిపితే అపస్వరమవుతుంది అని పరిశీలించి, లేనివాని గొంతును ఉన్నవారి గొంతులనుండి రాబట్టడమన్నమాట. ఇది శాస్త్రమా, కళా? రెండూ అని మా ఉద్దేశం.

అయితే కాగితం మీద వరుసలు సరిపోయినంత మాత్రాన పాట పలుకదు. ఫిలిప్స్ తన బృందంలో సాధారణంగా వరుసకు ఇద్దరు చొప్పున, పదిమంది గాయకులను ఉంచాడు. పూర్వం బాలురు పాడిన పై స్థాయిని స్త్రీలకు అప్పగించాడు. గొంతులో కంపనం దాదాపు లేకుండా, ప్రతి వరుసా గాజులా పారదర్శకంగా వినిపించాలని పట్టుపట్టాడు. సొంత రికార్డు సంస్థ ‘గిమెల్’ను నెలకొల్పారు. జోస్కిన్ దె ప్రే అనే స్వరకర్త రచనల రికార్డుకు 1987లో ‘గ్రామఫోన్’ పత్రిక ఆ సంవత్సరపు ఉత్తమ రికార్డు పురస్కారం ఇచ్చింది. అదే జోస్కిన్ ప్రార్థనాగీతమాలికలు పద్ధెనిమిదింటినీ తొమ్మిది డిస్కులలో పూర్తిచేసేసరికి 2020 వచ్చింది.

క్రైస్ట్ చర్చ్ నుండి తూర్పుగా గుండ్రాళ్లు పరచిన మెర్టన్ వీధిలోకి మళ్లాము. 1264లో స్థాపితమైన మెర్టన్ కళాశాల ప్రార్థనామందిరంలోనే టాలిస్ స్కాలర్స్ 1980లో అలెగ్రి ‘మిజెరెరె’ను రికార్డు చేశారు. 1290లలో ఆరంభించిన ఈ మందిరాన్ని మహాలయంగా కట్టాలనుకున్నారుగానీ, పడమటి భాగం ఎన్నటికీ కట్టలేదు. ఆ స్థలంలో మరొక కళాశాల వెలసింది. కిటికీల రంగుటద్దాలలో, వాటిని సమర్పించిన హెన్రీ డి మామ్స్‌ఫెల్డ్ మోకరిల్లిన బొమ్మ ఇరవైకి పైగా సార్లు కనిపిస్తుంది. శిలాఫలకాల మీద పేరు చెక్కించుకునే ముచ్చట ఏ దేశానికైనా ఒక్కటే!

2008లో ఈ కళాశాల కొత్తగా ఒక గాయకబృందాన్ని ఏర్పరచినప్పుడు ఫిలిప్స్ దాని ఇద్దరు నిర్దేశకులలో ఒకరైనాడు. బృందం విద్యార్థులదే. మేము వెళ్లిన సాయంకాలం ప్రార్థనలో వారు టాలిస్ సహచరుడైన విలియం బర్డ్ లాటిన్ గీతాన్ని ఆర్గన్ లేకుండా పాడారు. ప్రవేశ రుసుము లేదు, భక్తులమా కామా అని ఎవరూ అడుగలేదు. పై స్థాయి గాత్రాలు ముందు ఎత్తుకున్నాయి. మేము చెవులు రిక్కించి టెనర్ కోసం ఎదురుచూశాము. కళ్లద్దాల కుర్రవాడొకడు పుస్తకం మీద వేలితో లెక్కపెట్టుకుంటూ నిలబడి, సరిగ్గా తన వంతుకు గొంతు కలిపాడు. ఆఖరి స్వరం ఆ ఎత్తైన కప్పు కింద కొన్ని క్షణాలు నిలిచి తగ్గింది.

ప్రార్థన ముగియగానే గాయకులు అంగీలు తీసివేసి, సంచులు భుజాన వేసుకుని, సైకిళ్లెక్కి భోజనానికి వెళ్లిపోయారు.