పురుగునకు పేరు

మేము బాలాపూరులో పిల్లలకు చదువు చెప్పుచున్నాము. 2015లో కేంద్రప్రభుత్వ మారంభించిన నులిపురుగుల నివారణ దినమున మా బడిలోను మాత్రలు పంచుదుము. అప్పుడు తల్లిదండ్రులు కొందరు "పురుగు పురుగే గదా, దాని పేరుతో నేమి పని?" అని మమ్ము నడుగుచుందురు. పని కలదు.

చరకసంహిత క్రిములను ఇరువది జాతులుగ నెన్ని, దేహమలము, రక్తము, శ్లేష్మము, పురీషము అను పుట్టుచోటులనుబట్టి నాలుగు తెగలు చేసినది. ఆధునికులు పురుగు దేహమునే పరీక్షింతురు: పెదవు లెన్ని, అన్నవాహిక యెట్టిది, మగదాని తోకకడ ముళ్ల పొడవెంత. భారతదేశపు జంతువులలోని గుండ్రపురుగులను బేలిస్ పండితుడు 1936, 1939 సంవత్సరముల సంపుటములలో ఈ రీతినే వర్గీకరించెను.

ఇది వట్టి పాండిత్యము కాదు. అమెరికాలో కంతి యని శంకించి కొందరు పిల్లల కండ్లు తీసివేసిరి. 1950లో హెలెనార్ వైల్డర్ అను విదుషి అట్టి 46 కండ్లను శోధింపగా, 24 కండ్లలో పురుగుపిల్లలో, వాని జాడలో కనబడినవి. తొలుత వానిని కొంకిపురుగులనుకొనిరి. 1956లో నికల్స్ కొన్నిటి అడ్డుకోతలను కొలిచి, అవి కుక్కలయందును నక్కలయందును పెరుగు టాక్సోకారా కేనిస్ అను జాతివని తేల్చెను. కొంకిపురుగు అరికాలి చర్మమును దూరి వచ్చును. ఇదియో, మన్నంటిన చేతినుండి నోటికి పోవును. పేరు మారగనే కాపుదలయు మారినది.

బడిలో నిచ్చు మాత్ర బిడ్డ కడుపులోని పురుగును చంపును గాని, కుక్కపిల్ల మంటిలో విడిచిన గుడ్లను చంపదు. కావున చదువరులారా, పెంపుడుకుక్కకు పశువైద్యునిచే మందిప్పింపుడు. మన్నులో నాడివచ్చిన బిడ్డ చేతులను అన్నమునకు ముందు సబ్బుతో కడిగింపుడు.