చెక్కు పంపితే చాలదా?

డబ్బు పంపడం తేలిక. బ్యాంకులో ఓ ఫారం నింపి సంతకం పెడితే చాలు... నెలనెలా దానంతట అదే వెళ్లిపోతుంది. ఇచ్చినవాళ్లకు తృప్తి, అందుకున్నవాళ్లకు ఆసరా. మరి వేల మైళ్లు ప్రయాణించి, మండుటెండలో మట్టిరోడ్డు మీద జీపులో ఎగిరెగిరి పడుతూ ఆ పల్లెకు వెళ్లడం ఎందుకు? విమానం టికెట్టు డబ్బు కూడా పంపేస్తే ఇంకో నాలుగు కుటుంబాలు బాగుపడతాయి కదా!

అనంతపురం పల్లెల్లో ఏళ్ల తరబడి దిగిన స్పెయిన్ దేశస్తులను చూసి ఎవరికైనా రాగల అనుమానమే ఇది.

వెళ్లినా తిరిగొచ్చారు!

ఈ రాకపోకలకు మూలం విన్సెంట్ ఫెర్రర్. 1920లో బార్సిలోనాలో పుట్టారు. 1952లో జెస్యూట్ మిషనరీగా ముంబయిలో అడుగుపెట్టారు. మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో రైతుల చేత బావులు తవ్వించారు. పేదలు తలెత్తుకుంటే గిట్టనివాళ్లు ఊరుకుంటారా? 1968లో దేశం విడిచి వెళ్లమని ఉత్తర్వు వచ్చింది. వేలమంది రైతులు ఆయన కోసం రోడ్డెక్కారు. వెళ్లక తప్పలేదు గానీ మరుసటి ఏడాదే తిరిగొచ్చారు. ఈసారి ఆయన మకాం అనంతపురం.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అదీ వేళకు పడదు. చెనిక్కాయ పంట చేతికొస్తే పండగ, లేదంటే వలస. అలాంటి చోట 1969లో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్... అందరూ ‘ఆర్డీటీ’ అని పిలుచుకునే సంస్థ మొదలైంది. 1970లో ఫెర్రర్ జెస్యూట్ సంఘం నుంచి బయటికొచ్చి, ఇంగ్లండ్‌లో పుట్టిన పాత్రికేయురాలు అన్నే పెర్రీని పెళ్లాడారు. ఫాదర్ అనే పిలుపు మాత్రం ఆయన్ని వదల్లేదు. ఆర్డీటీ మతప్రచార సంస్థ కాదు. బడి, ఆస్పత్రి, ఇల్లు, నీళ్లు... అదే దాని బోధ. కట్టించిన ఇళ్లు కూడా ఆడవాళ్ల పేరు మీదే!

ఉత్తరాల చుట్టరికం

1996లో ఫెర్రర్ పేరుతో స్పెయిన్‌లో ఫౌండేషన్ ఏర్పడింది. లక్షకు పైగా స్పెయిన్ వాసులు అనంతపురానికి చేయూతనిచ్చారు. ఒక్కొక్కరికీ ఒక బిడ్డ ఫొటో, పేరు. డబ్బు ఆ బిడ్డ చేతికి కాదు, ఊరి పనులకు. పక్కింటి పిల్లాడికీ అదే బడి, అదే వైద్యం. బిడ్డ తెలుగులో రాసిన ఉత్తరం స్పానిష్‌లోకి మారి సముద్రాలు దాటేది. దూడ పుట్టిందనీ, వాన రాలేదనీ, పరీక్ష పాసయ్యాననీ కబుర్లు... అలా ముఖం చూడకుండానే చుట్టరికం కలిసింది. చుట్టాన్ని ఒక్కసారైనా చూడాలనిపించదూ!

అందుకే వచ్చారు. వాళ్లందరూ భక్తులేం కాదు. కానీ ఆ రాకలో క్రైస్తవం మొదటినుంచీ చెబుతున్న మాటే ఉంది. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడంతో పాటు, రోగిని చూడటానికి వెళ్లడం, చెరలో ఉన్నవాడి దగ్గరకు వెళ్లడం కూడా సేవగానే లెక్కకొచ్చాయి. జేబుకు పని పెట్టేది ఒకటైతే, కాళ్లకు పని పెట్టేది రెండోది. అపొస్తలుడైన పౌలు సంగతీ అంతే. మాసిదోనియ, అకయ సంఘాలు జెరూసలేం పేదల కోసం పోగుచేసిన సొమ్ముతో ఆయన స్వయంగా ప్రయాణం కట్టాడు. ప్రేమకు సాక్ష్యం మనిషి రావడమే.

చూసేదెవరు, చూపించేదెవరు?

అయితే ఈ ప్రయాణంలో ఓ చిక్కుంది. అతిథి వస్తున్నాడంటే పల్లె పల్లెంతా కదులుతుంది. ముగ్గులు, పూలదండలు, బొట్టు, కొబ్బరికాయ, డప్పులు. కూలికి పోవాల్సిన తల్లి ఆ పూట ఇంటిదగ్గరే. బిడ్డకు కొత్త గౌను. వచ్చినాయన కెమెరా తీసి పేదరికాన్ని ఫొటోలు కొట్టుకుని వెళ్లిపోతే? ఆ పూట కూలీ పోయింది, మిగిలిందేమీ లేదు. జాలిగా చూసే చూపు కింద పెరిగే బిడ్డకు తలెత్తడం ఎప్పటికి వస్తుంది?

అదే మనిషి చాప మీద కూర్చుని సంగటి ముద్ద తిని, ‘ఈ ఇల్లు మీ పేరునే ఉందా?’ అని తల్లిని అడిగితే కథ వేరు. ఆమె అవునని తలుపు తీసి చూపిస్తుంది. ఆ క్షణాన ఆమె సాయం పొందిన పేదరాలు కాదు, ఇంటి యజమానురాలు. వచ్చినాయన ఆమె అతిథి. టికెట్టు డబ్బుతో ఇంకో ఇల్లు కట్టొచ్చేమో గానీ, ఈ గౌరవాన్ని మనియార్డరు చేయలేం.

టెన్నిస్ వీరుడు రఫేల్ నాదల్ 2010లో అనంతపురం వచ్చినప్పుడు కెమెరాలు చాలానే వెంటపడ్డాయి. ఆయన విమానమెక్కాక కూడా ఆయన ఫౌండేషన్ పెట్టిన టెన్నిస్ స్కూలు నిలిచింది. పల్లె పిల్లలు రాకెట్ పట్టారు. వచ్చి వెళ్లాక ఏం మిగిలిందన్నదే అసలు లెక్క!

ఫెర్రర్ మాత్రం చూసి వెళ్లడానికి రాలేదు, ఉండిపోయారు. 2009 జూన్ 19న అనంతపురంలోనే కన్నుమూశారు. వేలాది జనం కన్నీళ్ల మధ్య ఆయన్ని ఖననం చేసింది బత్తలపల్లిలో. 2022 నుంచి ఆ ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. నలభై ఏళ్లు ఉండిపోవడం అందరికీ సాధ్యం కాదు. నాలుగు రోజులు వచ్చి, చుట్టంలా మెలిగి వెళ్లడం సాధ్యమే.

ఆ చుట్టరికం ఒకవైపే ఆగలేదు. ‘ఇండియా ఫర్ ఇండియా’ పేరుతో ఆర్డీటీ పిలుపునిస్తే, ఒకప్పుడు సాయం అందుకున్న పల్లె జనమే ఇళ్లలో హుండీలు పెట్టుకున్నారు. రూపాయి, రెండు రూపాయలు... తమకంటే కష్టంలో ఉన్నవాళ్ల కోసం! ఇచ్చే చెయ్యిని దగ్గర్నుంచి చూసినవాళ్లకే తమ చెయ్యి కూడా ఇవ్వగలదని తెలుస్తుందేమో.