తెలుగు పాసయ్యాం సరే, తెలుగు వచ్చిందా?

తెలంగాణలో 2018లో ఒక చట్టం వచ్చింది. ఒకటి నుంచి పది దాకా ఏ బోర్డు బడి అయినా తెలుగు నేర్పాల్సిందే అని. నేను దానికి పూర్తిగా అనుకూలం. కాకపోతే "నేర్పాలా వద్దా" అని కొట్టుకున్నంతగా "ఎట్లా నేర్పాలి" అని మనం మాట్లాడుకోలేదు. అసలు చిక్కు అక్కడే ఉంది.

ఐర్లండ్ సంగతి చూడండి. సొంత ప్రభుత్వం వచ్చిన 1922 నుంచీ బడుల్లో ఐరిష్ భాషని పట్టుబట్టి నేర్పుతున్నారు. 2022 జనాభా లెక్కల్లో "మాకు ఐరిష్ వచ్చు" అన్నవాళ్లు 18 లక్షల పైచిలుకు. బడి బయట రోజూ మాట్లాడేవాళ్లు మాత్రం సుమారు 72 వేలు! సబ్జెక్టు పాస్, భాష ఫెయిల్ అన్నమాట.

మనకేంటి, ఇంట్లో తెలుగే కదా అంటారా? నిజమే, బోయినపల్లి పిల్లలకి తెలుగు మాట్లాడటం ఎవరూ నేర్పక్కర్లేదు. వాళ్ల బాధ వేరు. పరీక్షలో "మక్కలు" అని రాయాలా, "మొక్కజొన్న" అని రాయాలా అని పెన్ను ఆగిపోతుంది. ఎందుకొచ్చిన గొడవ అని సొంత వాక్యం మానేసి గైడులోది బట్టీ కొడతారు. హైదరాబాద్ ఇంటర్నేషనల్ స్కూలు పిల్లాడికి అసలు వాక్యమే రాదు కాబట్టి వాడూ బట్టీయే. ఇద్దరికీ మార్కులొస్తాయి. ఒక్క ప్రోగ్రామూ రాయించకుండా, కీవర్డులు అప్పజెప్పించుకుని ఉద్యోగం ఇచ్చినట్టు లేదూ?

ఇంట్లో తెలుగు లేని పిల్లల కోసం సీబీఎస్ఈ లాంటి బడుల్లో "వెన్నెల" అనే సరళమైన పుస్తకం వాడమని 2025లో ప్రభుత్వం చెప్పింది. మంచి పనే. కాని పుస్తకం మార్చి పరీక్షని అట్లాగే ఉంచితే గైడు కూడా సరళంగా వస్తుంది, అంతే :)

ఐర్లండ్ వాళ్లు ఆలస్యంగానైనా ఒక పని చేశారు. 2012 నుంచి స్కూలు చివరి పరీక్షలో ఐరిష్‌కి 40 శాతం మార్కులు మాట్లాడే పరీక్షకే. వినడానికి బయటి బడి టీచరు వస్తారు. మనమూ అదే చేద్దాం. లేకపోతే ల్యాబ్ మార్కుల్లాగా ఇదీ ఫ్రీగా పంచేస్తారు.

మిగతా మార్కుల్లో సగమైనా సొంత రాతకి ఉండాలి. ఉదాహరణకి, మా బోయినపల్లి మండలంలో కొదురుపాక, నీలోజిపల్లి లాంటి ఊళ్లు మిడ్‌మానేరు ప్రాజెక్టు కింద మునిగిపోయాయి. "మునిగిన ఊరి గురించి మీ నాయనమ్మని అడిగి రెండు పేజీలు రాయి" అనండి. దానికి గైడులో జవాబు దొరకదు. నాయనమ్మ మాట ఉన్నదున్నట్టు రాస్తే మార్కు కోయకూడదు, అంతే.

మరి పద్యాలు తీసేస్తారా అంటే, వద్దు. ప్రతిపదార్థంతో మొదలుపెట్టొద్దంటాను. ముందు చెవిన పడాలి. వేములవాడ పక్కన హనుమాజీపేటలో పుట్టిన సినారె బడి చదువు ఉర్దూ మీడియం. చిన్నప్పుడు ఆయన్ని తెలుగు వైపు లాగినవి హరికథలు, జానపదాలు. 1988కి జ్ఞానపీఠం వచ్చింది తెలుగు కవిత్వానికే కదా.

పరీక్ష ఏది అడిగితే బడి అదే నేర్పుతుంది. చట్టం పిల్లల్ని తెలుగు క్లాసు దాకా తెచ్చింది. వాళ్ల నోరు తెరిపించాల్సింది ప్రశ్నపత్రం.