బొమ్మ గీసినవారి కూలి

ఇంటిపట్టున నుండి నాలుగు రూపాయలు గడింపవలెనను కోరిక మన స్త్రీలలో నేడు పుట్టినది కాదు. అప్పడములు, వడియములు, విస్తళ్లు అమ్మి సంసారములు నిలిపిన తల్లులు ప్రతి గ్రామమునను కలరు. ఇప్పుడు వచ్చిన భేద మొక్కటే: అంగడి వీధిలో గాక అంతర్జాలములో నున్నది, కొనువారు సరకు రుచి చూడకమున్నే దాని బొమ్మను చూచుచున్నారు. కావున వంటచేయు చేతితోపాటు బొమ్మ గీయు చేయియు మనకు కావలసివచ్చినది. ఆ చేతిని పనికి పిలుచుటలో పాటింపదగిన న్యాయమునుగూర్చి సోదరీమణులకు కొన్ని మాటలు విన్నవింపదలచితిమి.

మాది ఎన్.టి.ఆర్. జిల్లాలోని విస్సన్నపేట. చుట్టుపట్ల మామిడితోటలు మెండు. మేము నలుగురము కలసి ఆవకాయ, మాగాయ, మామిడితాండ్ర చేసి అంతర్జాలముద్వారా అమ్ముచున్నాము. సీసాపై అంటించు చీటీకి, అంగడిగుర్తుకు, పండుగ ప్రకటనలకు చిత్రములు కావలెను. నెలజీతమిచ్చి చిత్రకారుని నిలుపుకొను స్థోమత చిన్న వ్యాపారమునకు లేదు. పనికింతయని మాటాడుకొని యింటినుండియే గీసియిచ్చు గ్రాఫిక్ డిజైనర్లు మనబోటివారికి దిక్కు. వారిలో పిల్లలు నిద్రించిన పిదప పనికి కూర్చుండు తల్లులును గలరు.

ఇట్టివారిని ఎన్నుకొనునప్పుడు మొదట చూడవలసినది తెలుగు అక్షరముతో వారికిగల పరిచయము. అచ్చుపనివారు చిరకాలముగా వాడిన అను ఖతులు యూనికోడ్ పద్ధతికి చెందినవి కావు. వానితో కూర్చిన మాటను అట్లే తెచ్చి అంతర్జాలపుటలో నుంచినచో అక్షరములు గందరగోళమగును. ఫొటోషాపులో భారతీయభాషలకు తగిన అమరిక లేనియెడల ఒత్తులు విడిపోయి ‘ఉప్పు’ కాస్త ‘ఉప్‌పు’ అగును. మండలి, మల్లన్న, రామభద్ర, సూరన్న మున్నగు యూనికోడ్ ఖతులు ఉచితముగా దొరకును, వ్యాపారమునకును వాడవచ్చును. చిత్రకారుడు పూర్వము చేసిన తెలుగు పనిని రెండుమూడు చూచి నిర్ణయించుట మేలు. అంతేగాని, ఐదుగురిచేత ఊరక నమూనాలు గీయించి ఒక్కరికి మాత్రమే సొమ్మిచ్చుట, ఐదుగురిచేత వంట చేయించి ఒక్కరికే కూలియిచ్చుటవంటిది.

చీటీపై నుండవలసిన మాటలు సమకూర్చి యిచ్చుట మన బాధ్యత. పదార్థముల పట్టిక, నికర తూకము, తయారైన తేది, ఆహారభద్రతా సంస్థ యిచ్చిన 14 అంకెల సంఖ్య, శాకాహారమును తెలుపు ఆకుపచ్చ చదరములోని ఆకుపచ్చ చుక్క మొదలగునవన్నియు ముందే వ్రాసియిచ్చినచో మాటిమాటికి దిద్దుబాట్లు చేయించు పని తప్పును.

ఒడంబడిక కాగితముపై నుండవలెను. ఎన్ని చిత్రములు, ఎన్నిమారులు దిద్దుట, ఏ తేదికి, ముందు ఎంత, వెనుక ఎంత అనునవి అందు వ్రాసికొనవలెను. అంగడిగుర్తునకు, ఎంత పెంచినను చెదరని వెక్టర్ ప్రతిని అడుగవలెను. చరవాణిలో అందముగా కనబడిన చిన్న బొమ్మ గోడప్రకటనకు పెంచినచో మసకబారును.

అన్నిటికంటె ముఖ్యమైనది హక్కు. సొమ్మిచ్చితిమిగదా, బొమ్మ మనదేయని పలువురి తలంపు. 1957 నాటి గ్రంథస్వామ్య చట్టము ప్రకారము జీతమునకున్నవారు ఉద్యోగధర్మముగా గీసినది సాధారణముగా యజమానిదగును. స్వతంత్రముగా పనిచేయువారు గీసిన అంగడిగుర్తువంటి వానిపై హక్కు, వేరు ఒడంబడిక లేనియెడల, సాధారణముగా గీసినవారిదే. హక్కు మనకు రావలెనన్న వ్రాతయు సంతకమును ఉండవలెను. ఆ వ్రాతలో కాలము చెప్పనియెడల 5 సంవత్సరములనియు, ప్రదేశము చెప్పనియెడల భారతదేశము మాత్రమేయనియు చట్టము భావించును. అమెరికాలోని బిడ్డలకు ఊరగాయ పంపువారు ఈ రెండవ సంగతిని మరువరాదు.

ఇక కూలి మాట. ఒక యేడు తాండ్రకై క్రొత్త చీటీలు కావలసి, చంటిబిడ్డగల యొక యువతికి పని అప్పగించితిమి. సగము ముందిచ్చితిమి. ఆమె చెప్పిన తేదికే మూడు చిత్రములు పంపెను. అంతలో గాలివాన వచ్చి కాయ రాలిపోయెను. తాండ్ర పోయుట మానుకొంటిమి. మిగిలిన సగము ఇయ్యవలెనా యని మాలో చర్చ పుట్టినది. “సరకే లేనప్పుడు చీటీ ఎందుకు? ఆమె మాత్రము ఏమి నష్టపోయినది? కూర్చుండి గీసినదేగదా!” యని ఒకరనిరి. మా నలుగురిలో పెద్దవారైన అత్తయ్యగారు అంతవరకు మాటాడలేదు. పిమ్మట మెల్లగా, “వానకు కాయ రాలితే, తోటకు నీళ్లు పెట్టినవాడి కూలి ఎగ్గొడతామా అమ్మా?” అనిరి. ఆ సాయంకాలమే సొమ్ము పంపితిమి. ఆ మొత్తము మా నలుగురికిని ఆ నెలలో తేలికయైనది కాదు.

ఆ మాట మామనస్సులలో నిలిచిపోయినది. మా సీసా ధర చూచి “కాయ, కారము, నూనెయేగదా! ఇంత వెలయా?” యనువారు నిత్యము కలరు. ముక్క తడిలేకుండ తుడిచిన చేయి, పాళ్లు తెలిసిన కన్ను, తెల్లవారుజామున లేచిన నడుము వారికి కనబడవు. ఇంటిలో కూర్చుండి చేసిన పని పనిగా లెక్కకు రాకపోవుటవలన మన అమ్మలు, అమ్మమ్మలు అనుభవించిన బాధ మనమెఱుగనిది కాదు. అట్టి మనమే “గీత గీయుటేగదా” యని వేరొక యింటి ఆడుబిడ్డ శ్రమను తక్కువచేసినచో, మన శ్రమకు వెల యడుగు నోరు మనకెక్కడిది?

బేరమాడవలదని మేము చెప్పుట లేదు. పనికిముందు బేరమాడుట గృహిణి నేర్పు. పనియైన పిదప బేరమాడుట అన్యాయము. మన చేతిపనికి లోకము ఇయ్యవలెనని కోరు గౌరవమును, మన గడపలోని సొమ్ముతో మొదట మనమే ఇచ్చి చూపుదము.