గమనించినది ఎవరు?

వ్యాసం చివర గ్రంథాల పట్టిక చేర్చినంత మాత్రాన ఋణం తీరిపోయిందని మన యువ ఇంజనీర్లు కొందరు భావిస్తుంటారు. మేము అంగీకరించము. ఏ మాట ఎవరిదో ఆ వాక్యం దగ్గరే తెలియాలి. ఇంజనీరింగు పత్రాలలో చదరపు కుండలీకరణంలో ఒక అంకె వేసి ఊరుకోవడం పరిపాటి. మరికొన్ని శాస్త్రాలలో రచయిత పేరు, సంవత్సరం వేస్తారు. ఈ పద్ధతిని హార్వర్డ్ జంతుశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్, 1881లో చిప్పలేని నత్త అండాలపై వ్రాసిన పత్రంలో మొదట వాడాడని చెబుతారు. మాకు పేరున్న పద్ధతే ఇష్టం. అంకెకు ముఖం ఉండదు కదా!

మన భాషకిది కొత్త కాదు. 15వ శతాబ్దిలో మడికి సింగన 'సకలనీతిసమ్మతము' కూరుస్తూ, పద్యాలను ఏయే గ్రంథాలనుంచి గ్రహించాడో పేర్కొన్నాడు. వాటిలో 'ముద్రామాత్యము' వంటివి కాలగర్భంలో కలిసిపోయాయి. వాటినుంచి నేడు మనకు మిగిలిన పద్యాలు సింగన ఆ పేర్లు చెప్పడంవల్ల దక్కినవే.

ఈ ఆలోచన మాకు కిమ్‌లో కలిగింది. సూరత్, భరూచ్‌ల మధ్య రైలుమార్గంలో ఉన్న ఈ ఊరిలోనే మా నివాసం. సూరత్ ప్రాంతపు మరమగ్గాలను నమ్ముకొని తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు అనేకం. అటువంటి ఒక ఇంటి అబ్బాయి, వస్త్ర ఇంజనీరింగు విద్యార్థి, తన ప్రాజెక్టు నివేదికను చూడమని తెచ్చాడు. గాలిలో తేమ తగ్గితే పాలియెస్టరు దారంలో స్థిరవిద్యుత్తు పెరిగి పోగులు చిక్కుపడతాయి. "చలికాలం మధ్యాహ్నపు షిఫ్టులో పడుగు ఎక్కువగా తెగుతున్నట్లు గమనించబడింది" అని ఉన్నది అందులో. కర్త లేని ఈ క్రియ మన ఇంజనీర్లకు మిక్కిలి ప్రీతి! గమనించినది ఎవరని అడిగాము.

"మా నాయిన, సార్" అన్నాడు మెల్లగా.

తండ్రి ఏడవ తరగతితో చదువు మాని మగ్గం పట్టినవాడు. ఆయన పేరు వ్రాస్తే పరీక్షకులు నవ్వుతారని పిల్లవాడి సంకోచం.

అచ్చుకాని మాటకూ మార్గమున్నదని చెప్పాము. అమెరికా మనస్తత్వశాస్త్ర సంఘం నియమావళి ప్రకారం అటువంటి దానిని 'వ్యక్తిగత సంభాషణ' అని పేరు, తేదీలతో వాక్యంలోనే చూపాలి. చదువరి వెదికి తీసుకోగల కాగితం లేదు గనుక చివరి పట్టికలో అది చేరదు. అనగా ఆ తండ్రికి చోటు ఆ వాక్యంలోనే, మరెక్కడా లేదు.

అబ్బాయి పేరు వ్రాశాడు. తేదీ కోసం ఇంటికి వెళ్లి అడిగాడట.

"ఇరవై ఏండ్ల సంది చెప్తనే ఉన్న గదరా, ఏ తారీఖు ఏస్తవు?" అన్నాడట ఆ పెద్దాయన.