ఆరు మిల్లీమీటర్లు

మా ఇల్లు హెబ్బగోడిలో. హోసూరు రోడ్డు మీద ఎలక్ట్రానిక్ సిటీ దాటగానే వస్తుంది. నా ఉద్యోగమేమిటని మన సంఘంలో ఎవరైనా అడిగితే "అమెరికావాళ్ల పళ్లకు పద్దులు రాస్తాను" అంటాను. అందరూ నవ్వుతారు. కానీ అది నిజమే. అక్కడి దంతవైద్యులు చేసిన చికిత్సను బీమా కంపెనీలు ఒప్పుకునే కోడ్ నంబర్లలోకి మార్చి బిల్లు పంపడం నా పని. వాళ్లకు పగలు, నాకు రాత్రి.

ఇందులో ఎక్కువ పేచీ వచ్చేది చిగుళ్ల జబ్బు దగ్గరే. "చిగుళ్లు బాగా చెడిపోయాయి" అని రాస్తే చాలదు. పంటికీ చిగురుకీ మధ్య గీతలున్న సన్నటి కడ్డీ దించి, ఒక్కో పంటి చుట్టూ 6 చోట్ల లోతు కొలవాలి. 3 మిల్లీమీటర్ల వరకు మామూలు. 4 అయితే అనుమానించాలి. 6, ఆపైన ఉండి, ఎక్స్‌రేలో ఎముక బాగా తరిగినట్టు కనిపిస్తే జబ్బు ముదిరినట్టే. నోరంతా అలా ముదిరిందని డాక్టరు తేలిస్తే కె05.323 అని రాస్తాం. పళ్ల వేళ్లదాకా శుభ్రం చేసినందుకు వేరే కోడ్. నోటిని 4 భాగాలుగా లెక్కేసి, ఒక భాగంలో 4 పళ్లో, అంతకన్నా ఎక్కువో అయితే డి4341. 3 వరకైతే డి4342. కొలతల పట్టిక, ఎక్స్‌రే లేకపోతే క్లెయిము తిరిగొచ్చే ప్రమాదం ఉంది.

ఇంత తెలిసిన నేను ఇంట్లో ఏం చేశాను?

నాన్నగారు హిందూపురం నుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్నారు. పొద్దున నేను డ్యూటీ దిగి వచ్చేసరికి పళ్లు తోముకుంటూ ఉండేవారు. ఉమ్మితే ఎర్రగా పడేది. "బ్రష్షు గట్టిదమ్మా" అనేవారు. కొన్నాళ్లకు చెక్కిలాలు ముట్టడం మానేశారు. "డెబ్బై ఏళ్లొచ్చాక పళ్లు కదలవా?" అని ఉప్పునీళ్లు పుక్కిలించి, లవంగం బుగ్గన పెట్టుకునేవారు. డాక్టరు దగ్గరికి వెళదామంటే వినలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా! నిజం చెప్పాలంటే నేనూ పట్టుబట్టలేదు. నిద్ర ముంచుకొచ్చి పడుకునేదాన్ని. అలా ఏడాది గడిచింది.

ఒక రాత్రి ఒక క్లెయిము వచ్చింది. రోగిది నాన్న వయసే. షుగరూ ఉంది. కొలతల పట్టిక లేదని పక్కన పెట్టబోయి ఆగిపోయాను. మరి మా నాన్న పట్టిక ఏది?

ఆదివారం బతిమాలి మా వీధిలోని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె కన్నడంలో అంకెలు చెబుతుంటే పక్కనున్న అమ్మాయి రాసుకుంటోంది. "ఐదు... ఆరు... ఆరు..." కన్నడమైనా తెలుగైనా ఆరు ఆరే. రోజూ నేను చూసే అంకెలే, నాన్న నోట్లోంచి వస్తుంటే నా చేతులు చల్లబడ్డాయి.

నాన్న నోరు కడుక్కుని "ఆరంటే ఎక్కువా అమ్మా?" అని అడిగారు. నేను జవాబు చెప్పలేకపోయాను.

వెనక దవడ పన్ను ఒకటి దక్కలేదు. మిగతావాటికి మత్తిచ్చి, ఒక్కో వైపు చొప్పున రెండు విడతల్లో వేళ్లదాకా శుభ్రం చేశారు. షుగరు అదుపులో లేకపోతే చిగుళ్లు త్వరగా పాడవుతాయి. చిగుళ్లు పాడైతే షుగరు అదుపు తప్పుతుంది. 2017లో చికాగోలో దంతవైద్య నిపుణులు చేసిన కొత్త వర్గీకరణలో, మూడు నెలల సగటు షుగరు పరీక్ష 7 శాతం, ఆపైన ఉంటే జబ్బు వేగంగా ముదిరే కోవలో చేర్చారు. ఆ మాటా నాకు ముందే తెలుసు. కోడ్ కోసం చదువుకున్నాను, నాన్న కోసం చదవలేదు.

ఇప్పుడు మూడు నెలలకోసారి వెళ్తున్నాం. మొన్న చాలాచోట్ల 4కు దిగింది. నాన్న హిందూపురంలోని స్నేహితుడికి ఫోను చేసి, పరీక్ష పాసైన పిల్లాడిలా "ఆరు నుంచి నాలుక్కొచ్చాను, నువ్వూ కొలిపించుకో" అని చెబుతున్నారు.

మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉమ్మినప్పుడు ఎర్రగా పడుతుంటే, బ్రష్షు మీద నెట్టేయకండి. ఒక్కసారి కొలిపించండి.