పగిలిన గంట, అరవై ఏడు కౌంటీలు

అమెరికా దేశపు జన్మదినోత్సవం ఆ దేశంలోని ప్రతి రాష్ట్రంలోనూ జరుగుతుంది. కాని పెన్సిల్వేనియాలో అది సొంత యింటి శుభకార్యం. మసాచుసెట్స్ వారూ, వర్జీనియా వారూ ఈ మాటను అంత సులభంగా ఒప్పుకోరు. యుద్ధానికి నాంది తమ గడ్డమీద జరిగిందని ఒకరు, ప్రకటన రచించిన జెఫర్సన్ తమవాడని మరొకరు వాదిస్తారు. అయినా 1776 జులై 4న కాంటినెంటల్ కాంగ్రెసు స్వాతంత్ర్య ప్రకటనను ఆమోదించినది ఫిలడెల్ఫియా నగరంలో, పెన్సిల్వేనియా శాసనసభ కొలువుండే ఎర్ర ఇటుకల భవనంలో. 2026 జులై 4కు ఆ ఘట్టానికి 250 ఏళ్ళు. ఈ ఉత్సవం కోసం రాష్ట్ర ప్రభుత్వం 2018లోనే ఒక సంఘాన్ని ఏర్పరచింది. పండుగ ఒక్క ఫిలడెల్ఫియాదే కాక రాష్ట్రంలోని 67 కౌంటీలదీ కావాలని, రంగురంగుల చిత్రాలు వేసిన నమూనా గంటలను కౌంటీ కౌంటీకీ నెలకొల్పే పథకం వేశారు.

గంటనే ఎందుకు ఎన్నుకున్నారో తెలియాలంటే ఫిలడెల్ఫియాకే వెళ్ళాలి. ఇండిపెండెన్స్ హాలు అని నేడు పిలిచే ఆ భవనానికి ఎదురుగా, గాజు గోడల మందిరంలో వేలాడుతున్నది లిబర్టీ బెల్. బరువు సుమారు 940 కిలోలు. రాష్ట్రానికి విలియం పెన్ ప్రసాదించిన హక్కుల పత్రానికి యాభై ఏళ్ళు నిండిన సందర్భంలో, 1751లో, దీనిని పోతపోయమని లండనుకు పురమాయించారు. వచ్చిన కొత్తలోనే, మోగించి చూడబోతే బీటవారింది. పాస్, స్టౌ అనే ఇద్దరు స్థానిక పనివారు కరిగించి మళ్ళీ పోశారు. వారి పేర్లు నేటికీ గంటమీద ఉన్నాయి. మనం చూసే పెద్ద బీట చాలా తరువాతిది. 1846లో వాషింగ్టన్ జన్మదినాన మోగించినప్పుడు గంట శాశ్వతంగా మూగవోయింది.

జులై 4న ఈ గంట మోగి స్వాతంత్ర్యాన్ని చాటిందన్నది పందొమ్మిదో శతాబ్దపు కట్టుకథ. ప్రకటనను ప్రజల సమక్షంలో మొదటిసారి చదివినది జులై 8న. స్వేచ్ఛాఘంట అనే పేరు పెట్టినవారు కూడా విప్లవ వీరులు కారు. 1830లలో బానిసత్వ నిర్మూలనకు పోరాడినవారు. గంటపై చెక్కిన బైబిలు వాక్యం దేశవాసులందరికీ స్వేచ్ఛను చాటమంటున్నది గదా, ఆ అందరిలో నల్లవారు లేరా అని వారు నిలదీశారు.

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ దూరం పోనక్కరలేదు. గంట మందిరపు వాకిట్లోనే, 1790 నుండి 1797 వరకు అధ్యక్షుడు వాషింగ్టన్ నివసించిన ఇంటి స్థలం ఉన్నది. ఆయన తొమ్మిదిమంది బానిసలను అక్కడ ఉంచుకున్నాడు. పెన్సిల్వేనియా 1780లోనే బానిసత్వాన్ని క్రమక్రమంగా రద్దుచేసే చట్టం తెచ్చింది. పై రాష్ట్రాలవారి బానిసలు ఆరు నెలలు ఇక్కడ నివసిస్తే విముక్తి కోరవచ్చు. అందుకని గడువు తీరకముందే వారిని రాష్ట్రం దాటించి తిరిగి తెచ్చేవారు. 1796లో ఓనా జడ్జ్ అనే యువతి ఆ ఇంటినుండి తప్పించుకొని న్యూ హాంప్‌షైర్ చేరింది. అధ్యక్షుడు మనుషులను పురమాయించినా ఆమె తిరిగి రాలేదు. 2010లో ఆ స్థలంలో తొమ్మిది పేర్లతో స్మారకం వెలిసింది. 2026 జనవరిలో, పండుగ ఆరు నెలలుందనగా, బానిసత్వాన్ని గురించిన ఫలకాలను కేంద్రప్రభుత్వ శాఖ ఊడదీయించింది. నగరపాలకులు న్యాయస్థానానికెక్కారు. దేశం తన పుట్టుకలో ఏ భాగాన్ని తలచుకోవాలన్నది 250 ఏళ్ళ తరువాత కూడా ఆ నాలుగు గజాల నేలమీద తేలని తగవే. కొద్దిదూరంలో, జెఫర్సన్ ప్రకటన రచించిన అద్దె ఇంటిని 1975లో తిరిగి కట్టారు. మానవులందరూ సమానులని ఆయన రాస్తున్న రోజుల్లో ఆ ఇంట ఆయనకు పరిచర్య చేసినవాడు రాబర్ట్ హెమింగ్స్ అనే పద్నాలుగేళ్ళ బానిస బాలుడు.

ఇలా లెక్కలు అడగడం ఈ పండుగకు కొత్తకాదు. 1876లో నూరేళ్ళ సంబరం ఫెయిర్‌మౌంట్ పార్కులో అంతర్జాతీయ ప్రదర్శనగా జరిగింది. దాదాపు కోటిమంది వచ్చారు. గ్రాహం బెల్ టెలిఫోనును లోకం అక్కడే చూసింది. ఆ జులై 4నాడే ఇండిపెండెన్స్ హాలు దగ్గర సూసన్ బి. ఆంథొనీ స్త్రీల హక్కుల ప్రకటనను చదివి వినిపించింది. 1926 నాటి ఉత్సవాన్ని వానలు ముంచివేయగా, నిర్వాహకులకు అప్పులే మిగిలాయి. 1976లో మరో చిత్రం: ఏ రాజుపై తిరగబడ్డారో ఆ వంశపు కిరీటధారిణి, రెండవ ఎలిజబెత్ రాణి, జులై 6న స్వయంగా వచ్చి, పాత గంటను పోసిన లండను కార్ఖానాలోనే పోయించిన కొత్త గంటను కానుకగా ఇచ్చింది. ఆ నెలాఖరులో మాజీ సైనికుల సభకు వచ్చి ఒక హోటలులో దిగినవారిలో అంతుచిక్కని జ్వరం వ్యాపించి ముప్పైమంది దాకా మరణించారు. కారణమైన సూక్ష్మజీవిని మరుసటి ఏడాదికి గాని కనిపెట్టలేకపోయారు.

ఫిలడెల్ఫియా చూసి వెనుదిరిగే యాత్రికుడు సగం కథే చూసినట్లు. 1777 సెప్టెంబరులో బ్రిటిష్ సేనలు నగరంపైకి వస్తుంటే కాంగ్రెసు మూటాముల్లె సర్దుకుని పారిపోయింది. లాంకాస్టర్ పట్టణం సెప్టెంబరు 27న, ఒకే ఒక్క దినం, దేశానికి రాజధాని అయింది. తరువాత సస్క్వెహానా నదిని దాటి యార్క్ చేరారు. నది అడ్డముంటే శత్రువు తొందరగా రాలేడని ధైర్యం. ఆ చిన్న ఊరి న్యాయస్థానంలో తొమ్మిది నెలలు కొలువు తీరి, నవంబరు 15న రాష్ట్రాల సమాఖ్య ఒడంబడికను ఆమోదించారు. యార్క్‌లో నేడు కనిపించే ఆ కట్టడం 1976లో లేపిన నకలు. అసలుది ఏనాడో కూలిపోయింది. అయినా ఊరివారికి దానిమీద ఉన్న మక్కువ తక్కువది కాదు.

అదే చలికాలం ఫిలడెల్ఫియాకు ముప్పై కిలోమీటర్ల వ్యాలీ ఫోర్జ్‌లో సుమారు 12,000 మంది సైనికులు కర్రగుడిసెల్లో కాలం గడిపారు. అక్కడ ఒక్క యుద్ధమూ జరగలేదు. రోగాలతోనే రెండువేలమంది దాకా పోయారు. ఇప్పుడది పచ్చిక బయళ్ళ ఉద్యానం. వరుసగా కట్టిన నమూనా గుడిసెలు లేకపోతే అక్కడ ఆకలి ఒకటి ఉండేదని నమ్మడం కష్టం.

మనవారికి ఈ రాష్ట్రం పరాయిదేమీ కాదు. ఆనందీబాయి జోషి 1886లో వైద్యపట్టం పొందినది ఫిలడెల్ఫియాలోనే. రాష్ట్రపు పడమటి కొసన, పిట్స్‌బర్గ్ చేరువలోని పెన్ హిల్స్ గుట్టమీద, తిరుమల ఆలయం నమూనాగా వేంకటేశ్వరుని కోవెల వెలసినది 1970లలో. అమెరికాలో తొలితరం తెలుగువారు ఎన్నో రాష్ట్రాలు దాటి మొక్కులు తీర్చుకోవడానికి అక్కడికే వెళ్ళేవారు.

ఇక గంట సంగతి. 1777లో నగరం వదలిపోతూ ఊరి గంటలన్నింటినీ బండ్లకెత్తారు. శత్రువు చేతిలో పడితే కరిగించి ఫిరంగులు పోస్తాడని భయం. ఉత్తరాన అలెన్‌టౌన్‌లో జర్మను రైతుల జయాన్ చర్చి నేలకింద దాచారు. మరుసటి వేసవిలో శత్రువు వెళ్ళిపోయాక గంట ఇల్లు చేరింది. ఆ చర్చిలో ఒక నమూనా గంటను ఉంచి ఈ కథను నేటికీ చెబుతారు. అసలు గంటను మాత్రం ఇప్పుడు మోగించరు. ప్రతి జులై 4న ప్రకటనపై సంతకాలు చేసినవారి వంశపు పిల్లలు దాని దగ్గరకు వచ్చి, పదమూడు రాష్ట్రాల పేర పదమూడుసార్లు, బీట పెరగకుండా మెల్లగా తాకి వెళతారు.